వంకర పువ్వు

మాస్టరమ్మ తన చిన్నకొడుకుని రమ్మని కబురు పెట్టిన చోట కిందటిసారి ఆగాం. మనకు వారం గడిచింది గానీ ఆ ఇంట్లో గడిచింది రెండు రోజులే. ఆ రెండు రోజులూ అక్కడ ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఆ వీధిలో పదకొండు చేతి మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. పదకొండూ, వీధికి నేత నేర్పిన మాస్టరమ్మ పేరు మీదున్న చేతిపని ముద్ర నీడలోనే బతుకుతున్నాయి. ముద్ర అంటే మరేం కాదు, శాలువా మూలన కుట్టే వేలెడు గుడ్డముక్క. అది ఉంటేనే పట్నంలోని పెద్ద దుకాణం శాలువాని తీసుకుంటుంది, లేకపోతే గుమ్మం ఎక్కనివ్వదు. ఇప్పుడు వీళ్ళ పువ్వుల శాలువాలాంటిదే బజార్లో నాలుగో వంతు ధరకు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. మీరు మెషిను మీద నేయించి చేతిపని అంటున్నారని ఫిర్యాదు వచ్చింది, గురువారం పదకొండింటికి వచ్చి చూస్తాం అని ముద్ర ఆఫీసు నుంచి ఉత్తరం. పెద్దకోడలు ఆ బజారు శాలువా ఒకటి కొనుక్కొచ్చి అత్తగారి ఒళ్ళో పడేసింది. మాస్టరమ్మకి చూపు మందగించి నాలుగేళ్ళవుతోంది. ఆవిడ శాలువాని తిరగేసి, వెనకవైపు గంటసేపు వేళ్ళతో తడిమి, ఒక్క మాటే అంది.

"చిన్నోణ్ణి రమ్మను."

చిన్నోడు ఇల్లు వదిలి మూడేళ్ళు. వీధి మొత్తానికి అంత పనితనమున్న చెయ్యి ఇంకోటి లేదనేవారు. ఒకరోజు మగ్గం దిగి, ఇక ఎక్కనన్నాడు. కొన్నాళ్ళకి ఇల్లూ వదిలాడు. ఊరవతల ఏదో గోడౌన్లో పార్సిళ్ళు మోస్తున్నానని అన్నకి ఫోన్లో చెప్పాడట. అన్న లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి కాబట్టి, అది నిజమో కాదో చూసొచ్చే తీరిక అతనికీ లేకపోయింది.

గురువారం ఉదయం తొమ్మిదింటికి చిన్నోడు వచ్చాడు.

లోపలికి రాలేదు. గడప మీద కూర్చుని చెప్పులు విప్పకుండా కాళ్ళు బయటికి పెట్టాడు. ఏ క్షణమైనా లేచిపోవడానికి వీలుగా అలా కూర్చునేవాళ్ళని మీరూ చూసే ఉంటారు. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసి ఉంది.

ఆ గది పొడవుగా ఉంటుంది. సగం మగ్గమే తినేస్తుంది. మిగతా సగంలో నూలు చుట్టిన కండెల బుట్ట, రాట్నం, ఒక నులక మంచం. గోడకి గంజి వాసన పట్టేసి ఎన్ని సున్నాలు కొట్టినా పోదు. కిటికీలోంచి పడే ఎండలో నూలు ధూళి తేలుతోంది. మగ్గం మీద సగం నేసిన శాలువా ఉంది. పెద్ద దుకాణం వాళ్ళ ఆర్డరు, పదిహేను రోజుల్లో అందాలి. పెద్దకోడలు మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తూనే ఉంది. ఆఫీసరు వస్తాడని, మరిది వచ్చాడని, మగ్గం ఆపుకుని కూర్చునే రోజులు ఆమె జీవితంలో ఎప్పుడూ లేవు.

"టీ తాగుతావా?" అంది తల ఎత్తకుండా.

"తాగొచ్చాను వదినా."

"ఇంటికి వస్తూ బయట తాగొచ్చావన్నమాట. మర్యాద నేర్పారు గోడౌన్లో."

అతను నవ్వబోయి ఊరుకున్నాడు. మంచం మీద కూర్చున్న మాస్టరమ్మ, చిన్నోడి గొంతు వినబడిన వైపు తల తిప్పింది. ఆవిడకి మనుషులు నీడల్లా కనిపిస్తారు, రంగులు అసలు తెలియవు.

"ఇటు రారా. చెయ్యి ఇవ్వు."

"ఎందుకమ్మా?"

"ఇవ్వరా, కొరకను."

చెప్పులు విప్పక తప్పలేదు. వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని ఎడమచెయ్యి ఇచ్చాడు. వాడిది చిన్నప్పటినుంచీ పుర్రచేతివాటం. మాస్టరమ్మ ఆ అరచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని వేలు వేలూ విడదీసి చూసింది. చూపుడువేలి కొస మీద నూలు కోసిన గీతలున్నాయి. గోళ్ళ కింద నల్లటి నూనె. పార్సిళ్ళు మోసేవాడి వేలికి దారం గీతలు పడవు. మాస్టరమ్మ ఆ వేలిని చాలాసేపు వదల్లేదు.

"ఏ షెడ్డురా?" అంది.

చిన్నోడు తల వంచుకున్నాడు. పెద్దకోడలి కాళ్ళు గుంటలో ఆగిపోయాయి. పోగుని అటూ ఇటూ మోసే నాడె సగం దారిలో నిలబడింది.

"పెద్ద కాలవ దగ్గరున్న మరమగ్గాల షెడ్డు," అన్నాడు చివరికి. "ఎలా తెలిసింది?"

మాస్టరమ్మ తలగడ కింద నుంచి బజారు శాలువా తీసి, తిరగేసి, వాడి వేలు పట్టుకుని ఒక చోట ఆనించింది. నేతలో పోగు తెగితే రెండు కొసలూ కలిపి ముడి వేస్తారు. అందరూ ఒక మెలికే వేస్తారు. చిన్నోడికి ఏడేళ్ళప్పుడు, ఒక మెలిక జారిపోతుంది రెండు వెయ్యరా అని తల్లి చెప్పింది. వాడు అప్పట్నుంచీ రెండే వేస్తాడు. పైగా పుర్రచెయ్యి గనక కొస ఎడమకి తిరిగి ఉంటుంది. మరమగ్గాల షెడ్డులో, మెషిను ఆగి మేనేజరు అరుస్తుండగా, రెండు మెలికలు వేసే తీరిక ఇంకెవరికి ఉంటుంది?

"తొమ్మిది ముళ్ళున్నాయి," అంది మాస్టరమ్మ. "తొమ్మిదీ నీవే. ఒక్క శాలువాలో తొమ్మిదిసార్లు తెగిందంటే నీకు మంచి నూలు ఇవ్వట్లేదురా వాళ్ళు."

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ పదకొండిళ్ళ పొయ్యిలు ఆరిపోయేలా ఉంటే ఈవిడకి కొడుక్కి మంచి నూలు ఇవ్వట్లేదని దిగులు. ఆమె మగ్గం దిగింది. దిగేటప్పుడు మోకాళ్ళు చేసే చప్పుడు ఆ గదిలో అందరికీ అలవాటే.

"ఏమబ్బాయ్, నువ్వెక్కడ పని చేసుకుంటే నాకెందుకు? కూటి కోసం కోటి విద్యలు. కానీ ఇంటి పువ్వు పట్టుకెళ్ళి మెషినుకి ఎలా ఇచ్చావు? ఆ పువ్వు కట్టడానికి మీ అమ్మమ్మకి ఎన్నేళ్ళు పట్టిందో నువ్వే నాకు చెప్పావు, నేను కొత్తగా వచ్చినప్పుడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టింది మీ అమ్మ. చూపు లేని మనిషి పట్టింది."

"నేనివ్వలేదు వదినా."

"మరి ఎగిరి వెళ్ళిందా?"

"నేనివ్వలేదు. నువ్వే ఇచ్చావనుకున్నాను."

చిన్నోడు శాలువాని ఎండలోకి లాగి పరిచాడు. వాడి గొంతులో కోపం లేదు, రాత్రంతా మెషిన్ల మధ్య అరిచి అరిచి అరిగిపోయిన గొంతు.

"నేను చేరేసరికే మేనేజరు గదిలో గోడకి ఒక శాలువా మేకులతో కొట్టి ఉంది. మన ఇంటి నేత. నాకు తెలియదా? మొన్న ఎండాకాలం దాకా అది గోడకే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. కొత్త ఓనరు వచ్చాడు. బాగుంది, ఈ పువ్వుని మెషిను మీదికి దించండి అన్నాడు. ఉన్నదున్నట్టు దించారు. నువ్వే లెక్కపెట్టుకో వదినా. ఎడమ అంచు నుంచి ఏడో పువ్వు."

పెద్దకోడలు వంగింది. ఒకటి, రెండు, మూడు. లెక్కపెట్టక్కర్లేదు, ఆరో పువ్వు దగ్గరికి రాకముందే ఆమెకి తెలిసిపోయింది. ఏడో పువ్వుకి కుడివైపు రేకు పొట్టి. దాని పై వరుసలో ఏడోదీ అంతే. ఆ పై వరుసలోదీ అంతే. శాలువా పొడవునా ఏడో పువ్వు ఒక పక్కకి వాలి, నడుము నొప్పితో నిలబడ్డ మనిషిలా ఉంది.

పద్దెనిమిదేళ్ళ కిందట ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకి నాడె ఏదో కండె ఏదో తెలియదు. పుట్టింట్లో ఎవరూ మగ్గం ఎరగరు. ఏడాది తర్వాత అత్తగారు మొదటిసారి ఒక పడుగు మొత్తం ఆమెకి అప్పగించింది. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు, వాటిని ఒక్కొక్కటిగా మగ్గానికి వేలాడే దారపు కళ్ళలోంచి ఎక్కించాలి. ఒకే ఒక్క పోగు పక్క కంట్లోకి వెళ్ళింది. అలా ఎక్కిన పోగు పడుగు ఉన్నంత పొడవునా అదే తప్పు చేస్తూ పోతుంది. మూరెడు నేశాక ఆమె చూసుకుంది. విప్పాలంటే రెండు రోజుల పని. భయపడి నోరు మూసుకుని నేసుకుపోయింది. అత్తగారు కనిపెట్టదులే అనుకుంది. అప్పట్లో అత్తగారికి చూపు నిక్షేపంగా ఉండేది. రెండో రోజే చూసి, ఆవిడా నోరు మూసుకుంది. మగ్గం మీంచి దించాక మాత్రం, "ఇది అమ్మంలే. మనమే దాచుకుందాం," అని ట్రంకు పెట్టెలో పెట్టింది. ఆ రోజు పెద్దకోడలు పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు. తిట్టనందుకే అనుకుంటాను.

ఇప్పుడు ఆ వంకర పువ్వు బజారంతా గుట్టలుగా పడి ఉంది. వేలమంది భుజాల మీద ఎక్కి తిరుగుతోంది. తాను నేసిన మంచి శాలువాలు ఎవరు కప్పుకున్నారో ఆమె ఒక్కరిని కూడా చూడలేదు. భయపడి నేసినదాన్ని మాత్రం ఊరంతా కప్పుకుంటోంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె నేల మీద కూలబడింది.

కాసేపటికి ఆమె బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మనం బయటపడ్డాం. మన మగ్గాల మీదున్న ఏ బట్టలోనూ ఈ వంకర లేదు. ట్రంకులో ఉన్న నా శాలువా పక్కన పెట్టి చూపిస్తే చాలు. దాన్ని చూసే వాళ్ళు దించారని ఎవరైనా ఒప్పుకుంటారు."

చెబుతుండగానే ఆమె మాట నెమ్మదించింది. ట్రంకులో ఉన్న శాలువా మేనేజరు గోడ మీదికి ఎలా వెళ్ళింది?

ట్రంకు తాళంచెవి మాస్టరమ్మ మెడలో నల్లదారానికి ఉంటుంది. స్నానానికి కూడా తీయదు. పెద్దకోడలు చెయ్యి చాపింది. మాస్టరమ్మకి ఆ చెయ్యి కనిపించకపోయినా దగ్గరికి వచ్చిన సంగతి తెలిసింది. తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది.

"తెరవక్కర్లేదమ్మాయ్. అందులో లేదు."

వీధిలో నాలుగిళ్ళ అవతల ఎవరిదో మగ్గం టకటకమంటోంది.

"నేనే ఇచ్చాను," అంది మాస్టరమ్మ.

కంచే చేను మేస్తే అని సామెత ఉంది గానీ, ఆ కంచె ఇలా మంచం మీద కూర్చుని, తాళంచెవి పట్టుకుని, నేనే మేశానని చెబితే ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పినవాళ్ళు చెప్పలేదు.

"వీడు మగ్గం దిగాక నాలుగు నెలలు ఊరికే ఉన్నాడు. గుర్తుందా నీకు? పొద్దున్నే వెళ్ళి ఆ కాలవ గట్టు మీద కూర్చునేవాడు. చీకటి పడ్డాక వచ్చి, తిన్నానని చెప్పి పడుకునేవాడు. నువ్వు రెండుసార్లు గిన్నె మూత తీసి చూసి, అన్నం అలాగే ఉందని నాతో చెప్పావు. ఒకరోజు బస్సెక్కి షెడ్డుకి వెళ్ళాను. అప్పటికి బస్సు నంబరు కనిపించేది నాకు. మా అబ్బాయిని పనిలో పెట్టుకోండి అని అడిగా. మనుషులు చాలామంది ఉన్నారమ్మా అన్నాడు మేనేజరు. చలిగా ఉందని ఆ శాలువా కప్పుకుని వెళ్ళాను. వాడు మాట్లాడుతూ మాట్లాడుతూ దాని కొస పట్టుకుని వెనక్కి తిప్పి చూశాడు. వాడికి కావలసింది ఆ పువ్వేనని నాకప్పుడే తెలిసింది. తీసి వాడి చేతిలో పెట్టాను."

"తెలిసే ఇచ్చావా అమ్మా?" అన్నాడు చిన్నోడు.

"తెలియక ఇవ్వడానికి నేనేమైనా చిన్నపిల్లనా?"

"నా చేతి పని చూసి పెట్టుకున్నారనుకున్నాను. మేనేజరు ఒక ముడి వెయ్యమన్నాడు. వేస్తే, భేష్, రేపటినుంచి వచ్చెయ్ అన్నాడు. మూడేళ్ళు అదే అనుకుంటూ ఉన్నాను. టీ కొట్టాయన ఖాళీ ఉందని చెబితే వెళ్ళాను నేను."

"టీ కొట్టాయనకి చెప్పింది నేనేరా."

చిన్నోడు మొహం మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. మగ్గం దిగినప్పుడు అతనికి మిగిలింది ఒక్కటే గర్వం, తన పని తానే చూసుకున్నానని. ఆ కాస్తా తల్లి చేతిలోంచే వచ్చిందని ఇప్పుడు తేలింది. పెద్దకోడలికి అతని మీద జాలేసింది. అంతకన్నా ముందు తన మీద తనకే జాలేసింది, అది దాచుకోలేదు.

"ఇవ్వడానికి నాదే దొరికిందా అత్తయ్యా?"

"ఇంట్లో ఉన్నది అదొక్కటే కదమ్మాయ్. మంచివన్నీ అమ్మేశాం."

అది నిజం. యాభై ఏళ్ళుగా శాలువాలు నేస్తున్న ఇంట్లో కప్పుకోవడానికి ఉన్నది అమ్ముడుపోని ఆ ఒక్కటే. మంచి శాలువా ఎలా ఉంటుందో ఈ ఇంటివాళ్ళకి మగ్గం మీద ఉన్నంతసేపే తెలుస్తుంది.

"మొన్న నేను దాన్ని మీ ఒళ్ళో వేసినప్పుడు, అంతసేపు తడిమారెందుకు మరి? ఎవరిచ్చారో మీకు ముందే తెలుసుగా."

మాస్టరమ్మ శాలువాని మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, ముడి ఉన్న చోట బొటనవేలు పెట్టి రాసింది.

"మూడేళ్ళయింది వీడి చెయ్యి తగిలి," అంది. "ఉందేమోనని చూసుకున్నాను."

పది దాటింది. మాస్టరమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తల దువ్వమని కోడల్ని అడిగింది. పెద్దకోడలు దువ్వెన తెచ్చి వెనక కూర్చుంది.

"ఆఫీసరొస్తే నేనే చెబుతాను. ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ వయసులో అబద్ధాలు కంఠతా పట్టలేను."

"చెబితే ఏమవుతుందో తెలుసుగా?"

తెలుసు. ముద్ర కాగితం అద్దం కట్టించి గోడకి వేలాడుతోంది. దాని వెనక సన్నటి అక్షరాల్లో నిబంధన ఉంది. ముద్ర ఎవరి పేరున ఉందో వాళ్ళే నమూనాని మెషినుకిస్తే ముద్ర పోతుంది, పదకొండు మగ్గాలూ ఆగిపోతాయి. ముద్ర కింద నేసేవాళ్ళలో ఒకరు ఇస్తే ఆ ఒక్కరి పేరే కొట్టేస్తారు, వాళ్ళు ఇక ఆ ముద్ర కింద మగ్గం ఎక్కకూడదు. ఇరవై ఏళ్ళుగా ఆ కాగితం గోడకి ఉన్నా దాని వెనకవైపు చదవాల్సిన అవసరం మొన్నటిదాకా రాలేదు.

"నా పేరు చెప్పండి," అన్నాడు చిన్నోడు. "నాకేం పోతుంది?"

"నువ్వు ముద్ర కింద నేసేవాళ్ళ జాబితాలోనే లేవురా. కొట్టెయ్యడానికి నీ పేరుండాలిగా," అంది వదిన జడ అల్లుతూ. "పైగా నీ ఉద్యోగం పోతుంది. అత్తయ్య అంత దూరం బస్సులో వెళ్ళింది అందుకా?"

"ఎన్నాళ్ళు లాగుతావు వదినా ఇది? మా దగ్గర షిఫ్టుకి నలభై దిగుతాయి. నువ్వు ఒకటి నేసేలోపు వీధంతా కప్పుకుంటుంది. చలికి చేతిది, మెషినుది అని తేడా ఉండదు."

"ఉండదు. నాకూ తెలుసు." జడ కొస ముడి వేసింది. "నడుం వాల్చినప్పుడల్లా నేనూ అదే అనుకుంటాను. ఈ ముద్ర పోతే బాగుండు, ఒక నెల రోజులు ఊరికే పడుకుంటాను అని. పొద్దున లేచేసరికి కాళ్ళు వాటంతటవే గుంటలోకి పోతాయి. ఏం చెయ్యమంటావు?"

అతను లేచి మగ్గం దగ్గరికి వెళ్ళి, గుంట ఒడ్డున కూర్చుని పడుగుని చూస్తూ ఉండిపోయాడు.

ఆఫీసరు పావుగంట ముందే వచ్చింది. అవును, వచ్చింది. అందరూ మగవాణ్ణి ఊహించుకున్నారు. యాభై దాటిన మనిషి, రెండు బస్సులు మారి వచ్చిందట, భుజాన బరువైన సంచీ. మంచినీళ్ళు అడిగి చెంబుడూ తాగింది.

"ఈ నెలలో నాకిది నాలుగో వీధి. మూడు వీధుల్లో తాళాలే చూశాను," అంది మూతి తుడుచుకుంటూ. "ఇక్కడ చప్పుడు వినిపిస్తోంది. సంతోషం."

ఆవిడ పని ఎరిగిన మనిషి. సంచీలోంచి భూతద్దం తీసి ముందు మగ్గం మీది బట్ట చూసింది, తర్వాత బజారు శాలువా చూసింది. రెండింటిలోనూ పువ్వులు వేలితో లెక్కపెట్టింది. ఏడో పువ్వు దగ్గర వేలు ఆగింది. పై వరుసలో ఆగింది. ఆ పైనా ఆగింది. పెద్దకోడలికి ఆ వేలు తన వీపు మీద ఆగినట్టుంది.

"ఇది మీ మగ్గాల మీద పుట్టింది కాదు," అంది ఆఫీసరమ్మ. "మెషిను తనంతట తాను ఇలాంటి తప్పు చెయ్యదు. ఎవరో మనిషి నేసినదాన్ని చూసి, తప్పుతో సహా దించారు. ఫిర్యాదు కొట్టేస్తున్నాను."

ఆఫీసరమ్మ ఫారం తీసి సంతకం చెయ్యబోయి, ఆగి, కళ్ళజోడు సర్దుకుంది.

"ఇంకో గడి ఉంది. అసలు శాలువా మెషినువాళ్ళకి ఎలా చేరింది అని. ఇది ఖాళీ వదిలితే ఫారం వెనక్కొస్తుంది. ఆ వంకర పువ్వు శాలువా ఈ ఇంటిదేనా?"

మాస్టరమ్మ గొంతు సవరించుకుంది. మంచం పట్టె మీద చెయ్యి ఆనించి లేచి నిలబడబోయింది. పెద్దవాళ్ళు నిజం చెప్పేటప్పుడు కూర్చుని చెప్పకూడదని ఆవిడ పట్టింపు.

పెద్దకోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"ఈ ఇంటిదే మేడం. నేసింది నేనే. ఇచ్చిందీ నేనే."

"అమ్మాయ్," అంది మాస్టరమ్మ.

"మీరుండండి అత్తయ్యా. మీకు చూపు సరిగా లేదు, మీకేం తెలుసు?"

పద్దెనిమిదేళ్ళలో ఆమె అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆఫీసరమ్మ ముగ్గురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఏమర్థమయిందో ఏమో, పేరు అడిగి గడిలో రాసుకుంది, జాబితా తీసి అదే పేరు మీద ఒక గీత గీసింది. పెన్ను చేసిన చప్పుడు కూడా సరిగ్గా వినబడలేదు.

ఆ క్షణంలో పెద్దకోడలికి హాయిగా అనిపించింది. మోకాళ్ళు, నడుము, మెడ, అన్నీ ఒక్కసారి వదులైనట్టు. ఆ హాయికి వెంటనే సిగ్గేసింది. తర్వాత చూసుకుంటే ఆమె కుడిచెయ్యి నాడె కోసం వెతుకుతోంది.

"ఇవాళ్టి నుంచి మీరు ఈ మగ్గం ఎక్కకూడదు," అంది ఆఫీసరమ్మ, చెప్పక తప్పని మాట చెప్పేవాళ్ళ గొంతుతో. "మగ్గం మీద సగం బట్ట ఉంది కాబట్టి, దాన్ని పూర్తి చేసేవాళ్ళ పేరు ఇప్పుడే రాయాలి. పేరు లేకపోతే దీనికి ముద్ర పడదు. పేరున్నవాళ్ళు మెషిను పని చెయ్యకూడదు. ఎవరు నేస్తారు?"

వీధిలో మిగతా పదిమంది చేతుల్లోనూ వాళ్ళ వాళ్ళ ఆర్డర్లున్నాయి. మాస్టరమ్మకి పోగు కనిపించదు. సగంలో చెయ్యి మారితే బట్టకి తెలిసిపోతుందని ఆవిడే ఎన్నోసార్లు అనేది. చెయ్యి పోల్చి నేయగలవాడు ఆ వీధిలో ఒక్కడే ఉండేవాడు.

అందరూ మగ్గం వైపు చూశారు. ఇంతసేపూ ఎవరూ గమనించలేదు. చిన్నోడు గుంట ఒడ్డున కూర్చున్నవాడు కూర్చున్నట్టే, పడుగులో తెగి ఉన్న పోగుని పట్టుకుని కొసలు కలుపుతున్నాడు. ఒక మెలిక వేశాడు. రెండో మెలిక వేయబోతుంటే చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు, షెడ్డు మేనేజరు.

"ఎవరి పేరు రాయను?" అంది ఆఫీసరమ్మ.

ఫోను మోగుతూనే ఉంది. మాస్టరమ్మ చూపులేని కళ్ళతో ఆ చప్పుడు వైపే చూస్తోంది. చిన్నోడి కుడిచేతిలో ఫోను ఉంది, ఎడమచేతిలో పోగు ఉంది. రెండో మెలిక వేయాలంటే రెండు చేతులూ కావాలి.